బిల్ ఆఫ్ లేడింగ్ విడుదల పద్ధతులు

బిల్ ఆఫ్ లేడింగ్ అనగా ఓడలో పంపే సరుకును స్వీకరించినట్లు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం. తెలుగులో దీనిని వహన పత్రం లేదా ఓడ రశీదు అనవచ్చు. వర్తకులు క్లుప్తంగా బీ.ఎల్. అంటారు. ఈ పత్రం ఎవరి చేతిలో ఉంటే సరుకు వారి అధీనంలో ఉన్నట్లు లెక్క. కాబట్టి అమ్మినవాడు దీనిని కొన్నవానికి ఎప్పుడు, ఏ మార్గంలో, ఏ షరతుపై అందజేయాలి అన్నది ఎగుమతి వ్యాపారంలో ముఖ్యమైన నిర్ణయం. అసలు పత్రాలు చూపితేనే సరుకు ఇచ్చే పద్ధతి, టెలెక్స్ విడుదల, సీ వే బిల్ అనే మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఇటీవల ఎలక్ట్రానిక్ పత్రం వీటికి తోడైంది.

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ పరిసరాలలో పండే మిర్చి, పత్తి విదేశాలకు వెళ్ళే పంటలు. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. సముద్రానికి దూరంగా ఉన్న ఇటువంటి చోట ఓడ పత్రాల సంగతి రైతుకు సంబంధం లేనిదిగా కనిపించవచ్చు. అయితే విదేశంలో సరుకు చేజారి సొమ్ము రాకపోతే ఆ దెబ్బ ఎగుమతిదారు నుండి కమీషన్ వ్యాపారికి, అతని నుండి అరువుపై పంట ఇచ్చిన రైతుకు చేరుతుంది.

పత్రం స్వభావం

బిల్ ఆఫ్ లేడింగ్ ఏకకాలంలో మూడు పనులు చేస్తుంది. సరుకు ముట్టినట్లు రశీదు. సరుకును ఫలానా రేవుకు చేర్చడానికి కుదిరిన ఒప్పందానికి సాక్ష్యం. సరుకుపై హక్కును తెలిపే పత్రం. మొదటి రెండు గుణాలు మామూలు లారీ రశీదుకు కూడా ఉంటాయి. మూడవదే దీని ప్రత్యేకత.

మెట్ట ప్రాంతపు పాఠకులకు ఇది కొత్త విషయం కాదు. శీతల గిడ్డంగిలో మిర్చి టిక్కీలు దాచిన రైతుకు గిడ్డంగివారు బాండు ఇస్తారు. ఆ బాండు బ్యాంకులో పెడితే అప్పు పుడుతుంది. అప్పు తీర్చి బాండు విడిపిస్తే గాని సరుకు బయటికి రాదు. రైలులో సరుకు పంపే రోజులలో వర్తకులు రైల్వే రశీదును, అంటే ఆర్.ఆర్.ను, బ్యాంకు ద్వారా పంపేవారు. కొన్నవాడు బ్యాంకులో సొమ్ము కట్టి రశీదు తీసుకొని స్టేషనుకు వెళ్ళి సరుకు విడిపించుకొనేవాడు. భారత సరుకుల అమ్మకపు చట్టం, 1930 బిల్ ఆఫ్ లేడింగ్, రైల్వే రశీదు, గిడ్డంగి పత్రం మూడింటినీ హక్కు పత్రాలుగానే పేర్కొన్నది.

ఈ పత్రంలో సరుకు ఎవరికి చెందాలో రాసే గడి అన్నింటికన్నా కీలకమైనది. అందులో ఒక వ్యక్తి లేదా సంస్థ పేరు మాత్రమే రాస్తే అది బదిలీకి పనికిరాని పత్రం, దీనిని స్ట్రెయిట్ బిల్ అంటారు. "ఫలానా వారి ఆర్డరుకు" అని రాస్తే చెక్కు మాదిరిగా వెనుక సంతకం చేసి మరొకరికి బదిలీ చేయవచ్చు. సాధారణంగా ఒకే సరుకుకు మూడు అసలు ప్రతులు ఇస్తారు. వాటిలో ఏ ఒక్కటి చూపి సరుకు తీసుకున్నా మిగిలిన రెండూ చెల్లవు. పూర్వం ఓడల మీద వెళ్ళే ఉత్తరాలు దారిలో పోతాయన్న భయంతో ఏర్పడిన ఏర్పాటు ఇది. భయం పోయినా మూడు ప్రతులు మిగిలాయి, వాటితో పాటు మోసానికి సందు కూడా మిగిలింది.

షిప్పింగ్ బిల్లును దీనితో పొరబడరాదు. అది ఎగుమతిదారు కస్టమ్స్ శాఖకు సమర్పించే పత్రం. దానికి సరుకుపై హక్కుతో సంబంధం లేదు.

మెట్ట నుండి రేవుకు

నందిగామ, జగ్గయ్యపేట రెండూ హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఇక్కడి సరుకు రహదారి మీదుగా చెన్నై, విశాఖపట్నం వంటి రేవులకు వెళుతుంది. కంటైనర్‌ను గిడ్డంగి వద్దకే తెప్పించి నింపి సీలు వేయవచ్చు, లేదా లారీలో పంపి రేవు దగ్గరి కంటైనర్ యార్డులో నింపవచ్చు. హైదరాబాదు సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపో వంటి లోతట్టు డిపోలో అప్పగిస్తే అక్కడి నుండి గమ్యం వరకు ఒకే పత్రం తీసుకునే వీలు కూడా ఉన్నది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. డిపోలో సరుకు తీసుకోగానే ఇచ్చే పత్రం "స్వీకరించబడినది" అని మాత్రమే చెబుతుంది. ఓడ ఎక్కిన తేదీ వేసి "ఓడలోకి ఎక్కించబడినది" అని ముద్ర పడితే గాని బ్యాంకులు లెటర్ ఆఫ్ క్రెడిట్ కింద దానిని అంగీకరించవు. లారీ కదలిన రోజు, కంటైనర్ డిపో చేరిన రోజు, ఓడ కదలిన రోజు వేరువేరు. గడువు లెక్క చివరి తేదీ నుండి మొదలవుతుంది.

చరిత్ర

సరుకు ఎక్కించినపుడు నౌకాధిపతి రశీదు ఇచ్చే ఆచారం మధ్యధరా సముద్ర తీరపు వర్తకులలో పుట్టినది. మొదట వర్తకుడు సరుకుతో పాటే ఓడలో వెళ్ళేవాడు కనుక ఓడ పుస్తకంలో పద్దు రాస్తే సరిపోయేది. వర్తకుడు ఊరిలోనే ఉండి సరుకు మాత్రమే పంపే రోజులు వచ్చాక పద్దు నకలు అవసరమై, అదే క్రమంగా విడి పత్రమైనది.

కృష్ణా తీరంలో విదేశీ ఓడల వ్యాపారానికి మచిలీపట్నం కేంద్రంగా ఉండేది. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో అక్కడికి వచ్చారు. ఆనాటి దేశీయ వర్తకులకు తమదైన పత్ర వ్యవస్థ ఉండేది. హుండీలలో జోఖమి హుండీ అనే రకం ఓడ సరుకుకు ముడిపడినది. సరుకు క్షేమంగా గమ్యం చేరితేనే ఆ హుండీ సొమ్ము చెల్లుతుంది. ఓడ మునిగితే హుండీ కూడా మునిగినట్లే. అప్పు, చెల్లింపు, బీమా మూడూ ఒక కాగితంలో ఇమిడిన ఈ ఏర్పాటు ఐరోపా పత్రాలకు తీసిపోయేది కాదు. కాని సరుకును మధ్యదారిలో మరొకరికి అమ్మే సౌకర్యం బిల్ ఆఫ్ లేడింగ్‌కే ఎక్కువ. జగ్గయ్యపేట పట్టణాన్ని తన తండ్రి జగ్గయ్య పేరిట నెలకొల్పిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలోనే ఇంగ్లండులో ఈ సౌకర్యానికి న్యాయస్థానపు ముద్ర పడినది. 1794లో ముగిసిన లిక్‌బారో - మేసన్ వ్యాజ్యంలో విషయం ఇది: సొమ్ము చెల్లించకుండా దివాలా తీసిన కొనుగోలుదారు అప్పటికే ఓడ పత్రాన్ని మరొకరికి బదిలీ చేశాడు. అసలు అమ్మకందారు దారిలోని సరుకును ఆపబోయాడు. పత్రాన్ని నిజాయితీగా సొమ్మిచ్చి పొందిన వ్యక్తిదే హక్కు అని తేలినది. అమ్మకందారు చేయి దాటిన పత్రం ఎంత దూరం పోగలదో చెప్పడానికి నేటికీ ఈ వ్యాజ్యాన్నే ఉదహరిస్తారు.

ఇంగ్లండు 1855లో చేసిన చట్టాన్ని అనుసరించి భారతదేశంలో 1856లో బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం వచ్చినది. మూడే సెక్షన్ల ఈ చిన్న చట్టం సుమారు 170 సంవత్సరాలు అమలులో ఉన్నది. దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించినది.

అసలు పత్రాలపై విడుదల

ఇది అన్నింటికన్నా పాత పద్ధతి, అమ్మకందారుకు అన్నింటికన్నా రక్షణ కలిగినది. సరుకు ఓడ ఎక్కిన తరువాత ఎగుమతిదారు మూడు అసలు ప్రతులను ఓడ కంపెనీ ఏజెంటు నుండి తీసుకుంటాడు. వాటిని ఇన్వాయిస్, ప్యాకింగ్ జాబితా, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం వంటి వాటితో కలిపి తన బ్యాంకుకు ఇస్తాడు. ఆ బ్యాంకు కొనుగోలుదారు దేశంలోని బ్యాంకుకు పంపుతుంది. అక్కడ సొమ్ము కట్టినవారికి పత్రాలు ఇస్తారు.

సొమ్ము కట్టాకనే పత్రాలు ఇమ్మని ఆదేశిస్తే దానిని డీ.పీ. అంటారు. ఫలానా తేదీన చెల్లిస్తానని కొనుగోలుదారు హుండీపై సంతకం చేస్తే చాలు, పత్రాలు ఇమ్మంటే అది డీ.ఏ. రెండింటిలోనూ బ్యాంకులు మధ్యవర్తులే, హామీదారులు కావు. డీ.ఏ. పద్ధతిలో పత్రం అసలుదే అయినా రక్షణ మాత్రం సంతకంతోనే ముగిసిపోతుంది. బ్యాంకు హామీ కావాలంటే లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉండాలి. దీనిని శాసించే అంతర్జాతీయ నియమావళి యు.సి.పి. 600, 2007 జులై 1 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం ఎన్ని అసలు ప్రతులు జారీ అయితే అన్నీ బ్యాంకుకు చేరాలి. ఓడ ఎక్కిన నాటి నుండి 21 రోజులలోపు, క్రెడిట్ గడువు దాటకుండా సమర్పించాలి. బ్యాంకు సరుకును చూడదు, పత్రాలనే చూస్తుంది. మిర్చి మేలైనదైనా సంస్థ పేరులో ఒక అక్షరం తేడా వస్తే పత్రాలు తిరస్కరించే అవకాశం ఉన్నది.

సరుకు ముందు, పత్రం వెనుక

పాత పద్ధతికి దగ్గర రేవులతోనే చిక్కు. చెన్నై నుండి కొలంబోకు ఓడ ప్రయాణం సుమారు రెండు రోజులు. పత్రాలు ఎగుమతిదారు బ్యాంకులో పరిశీలన పూర్తయి, కొరియర్‌లో వెళ్ళి, అవతలి బ్యాంకు కౌంటరుకు చేరేసరికి వారం పది రోజులు పట్టవచ్చు. ఈలోగా కంటైనర్ రేవులో పడి ఉంటుంది. రేవువారు నేల అద్దె, ఓడ కంపెనీ కంటైనర్ అద్దె వసూలు చేస్తారు. ఎండు మిర్చి తేమకు రంగు మారే సరుకు. తీరప్రాంతపు ఉక్కలో రోజులు గడిచేకొద్దీ దాని ధర తగ్గుతుంది.

ఈ చిక్కు తప్పించుకోవడానికి వర్తకులు కొన్ని అడ్డదారులు కనిపెట్టారు. మొదటిది, మూడు అసలు ప్రతులలో ఒకదానిని కొనుగోలుదారుకు నేరుగా పంపి మిగిలిన రెండింటిని బ్యాంకుకు ఇవ్వడం. ఒక్క ప్రతి చాలు కనుక, ఆ పత్రం కొనుగోలుదారు పేరనో వెనుక సంతకం చేసో ఉంటే అతడు సొమ్ము కట్టకుండానే సరుకు తీసుకోగలడు. బ్యాంకులో ఉన్న రెండు ప్రతులు అప్పుడు కేవలం కాగితాలు.

రెండవది, కొనుగోలుదారు తన బ్యాంకు నుండి పూచీపత్రం తెచ్చి ఓడ కంపెనీకి ఇవ్వడం. పత్రం రాగానే అప్పగిస్తామని, నష్టం వస్తే భరిస్తామని అందులో ఉంటుంది. బ్యాంకు పూచీ ఉన్నంత వరకు ఇది అంగీకరించదగినదే. బ్యాంకు లేకుండా కొనుగోలుదారు ఒక్కడే రాసిచ్చే పూచీ విలువ అతని ఆస్తి ఎంతో అంత. బొగ్గు వంటి బల్క్ సరుకులలో ఇటువంటి పూచీలపై విడుదల చేయడం మామూలైపోయినది. అయితే పత్రం లేకుండా సరుకు ఇచ్చిన ఓడ యజమానికి బాధ్యత తప్పదు. 1959లో ప్రీవీ కౌన్సిల్ ముందుకు వచ్చిన వ్యాజ్యంలో ఇంగ్లండు నుండి సింగపూరుకు సైకిల్ భాగాలు వచ్చాయి. ఏజెంటు బ్యాంకు పూచీ తీసుకొని అసలు పత్రం లేకుండానే వాటిని విడుదల చేశాడు. అమ్మకందారుకు ఓడ కంపెనీ నష్టపరిహారం ఇవ్వవలసిందేనని తీర్పు వచ్చినది. ఓడ యజమానుల పరస్పర బీమా సంఘాలు సాధారణంగా ఇటువంటి నష్టాన్ని భరించవు. 2020లో సింగపూరు చమురు వ్యాపార సంస్థ హిన్ లియాంగ్ కుప్పకూలినపుడు, పత్రాలు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు సరుకు అప్పటికే చేజారిందని తెలుసుకొని ఓడ యజమానులపై వ్యాజ్యాలు వేశాయి.

టెలెక్స్ విడుదల

ఈ పద్ధతిలో అసలు ప్రతులు సముద్రం దాటవు. ఎగుమతిదారు మూడింటినీ ఎక్కించిన రేవులోని ఓడ కంపెనీ ఏజెంటుకు తిరిగి అప్పగిస్తాడు. ఏజెంటు వాటిపై అప్పగించినట్లు ముద్ర వేసి, అసలు పత్రం అడగకుండా సరుకు ఇవ్వవచ్చునని గమ్యపు రేవు ఏజెంటుకు వర్తమానం పంపుతాడు. టెలెక్స్ యంత్రాలు మూలబడి చాలాకాలమైనా పేరు మాత్రం నిలిచిపోయినది. ఇప్పుడు వర్తమానం ఈ-మెయిల్‌లోనో కంపెనీ కంప్యూటర్ వ్యవస్థలోనో వెళుతుంది.

దీని ప్రయోజనమంతా సమయంలో ఉన్నది. ఎగుమతిదారు అసలు పత్రాలను తన దగ్గర ఉంచుకొని నకలును కొనుగోలుదారుకు పంపుతాడు. మిగిలిన సొమ్ము ఖాతాలో పడిన తరువాతే పత్రాలను ఏజెంటుకు అప్పగిస్తాడు. సొమ్ము వచ్చిన రోజునే సరుకు విడుదలవుతుంది, కొరియర్ ఆలస్యం ఉండదు. కొంత అడ్వాన్సు, మిగిలినది పత్రం నకలుపై అనే షరతుతో జరిగే అమ్మకాలకు ఇది సరిగా నప్పుతుంది.

అయితే అప్పగింత తరువాత వెనుదిరగడం దాదాపు ఉండదు. బ్యాంకు పంపిన చెల్లింపు సందేశపు నకలు చూపి కొనుగోలుదారు తొందరపెట్టడం తరచుగా జరిగేదే. నకలు సొమ్ము కాదు; అది మార్చినదై ఉండవచ్చు, లేదా పంపిన చెల్లింపును దారిలో రద్దు చేసి ఉండవచ్చు. తన బ్యాంకు సొమ్ము జమ అయినదని చెప్పేదాకా పత్రాలు వదలకపోవడమే తెలివైన పని. లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటే ఈ పద్ధతి కుదరదు, ఎందుకంటే బ్యాంకు అసలు ప్రతులనే అడుగుతుంది.

సీ వే బిల్

సీ వే బిల్‌లో అసలు పత్రం అన్నదే జారీ కాదు. ఇది రశీదు, ఒప్పందపు సాక్ష్యం మాత్రమే; హక్కు పత్రం కాదు. అందులో పేరున్నవారు తమ గుర్తింపు చూపి సరుకు తీసుకోవచ్చు. కొన్ని కంపెనీలు దీనినే ఎక్స్‌ప్రెస్ విడుదల అంటాయి. టెలెక్స్ విడుదలకు, దీనికి తేడా లేదని కొందరు భావిస్తారు గాని అది సరికాదు. టెలెక్స్‌లో మొదట హక్కు పత్రం పుట్టి తరువాత రద్దవుతుంది. ఆ మధ్య కాలమంతా అమ్మకందారు చేతిలో పట్టు ఉంటుంది. సీ వే బిల్‌లో మొదటి నుండి అటువంటి పత్రమే లేదు.

పట్టు బొత్తిగా లేదని కూడా చెప్పలేము. 1990లో అంతర్జాతీయ నౌకా న్యాయ సంఘం రూపొందించిన నియమాలను పత్రంలో చేర్చితే, సరుకు గమ్యం చేరి పేరున్నవారు అడిగే వరకు అమ్మకందారు ఆ పేరును మార్చమని ఓడ కంపెనీని ఆదేశించవచ్చు. కాని ఓడ రెండు రోజులలో చేరే రేవుకు ఈ హక్కు ఆచరణలో అంతగా ఉపయోగపడదు. ఒకే సంస్థకు చెందిన శాఖల మధ్య, పూర్తి సొమ్ము ముందే ముట్టిన అమ్మకాలలో, ఏళ్ళ తరబడి నమ్మకం ఉన్న పాత ఖాతాలలో సీ వే బిల్ వాడటం మంచిది. కొత్త కొనుగోలుదారుకు అరువుపై పంపుతూ దీనిని ఎంచుకోవడం సరుకును దానమిచ్చినట్లే.

ఎంపిక

విడుదల పద్ధతి చెల్లింపు షరతును అనుసరించాలి గాని చెల్లింపు షరతు విడుదల పద్ధతిని కాదు. ఉదాహరణకు నందిగామ ప్రాంతపు వ్యాపారి ఒకరు 25 లక్షల రూపాయల మిర్చిని 20 శాతం అడ్వాన్సుతో పంపాడనుకుందాం. 5 లక్షలు చేతికి వచ్చినవి, 20 లక్షలు రావాలి. ఖర్చులు పోగా మిగిలేది 4 శాతం అనుకుంటే ఈ కంటైనర్‌పై లాభం ఒక లక్ష. సరుకు చేజారి ఆ 20 లక్షలు రాకపోతే, ఆ లోటు పూడటానికి ఇటువంటి 20 కంటైనర్ల లాభం కావాలి. పత్రాలు కొరియర్‌లో పంపడానికి, బ్యాంకు రుసుములకు అయ్యే ఖర్చును ఈ లెక్క పక్కన పెట్టి చూడాలి.

అయితే అసలు పత్రం చేతిలో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి వీలులేదు. మార్కెట్ ధర పడిపోయినపుడు కొనుగోలుదారు పత్రాలు విడిపించుకోకుండా ఊరకుంటాడు. కంటైనర్ అద్దె పెరుగుతూ ఉంటుంది. కొన్ని దేశాల కస్టమ్స్ నిబంధనల ప్రకారం సరుకును వేరొకరికి అమ్మాలన్నా, తిరిగి తెప్పించుకోవాలన్నా మొదటి కొనుగోలుదారు రాతపూర్వక అంగీకారం కావాలి. ఇంకా కొన్ని దేశాలలో దిగిన సరుకును ఓడ కంపెనీ ప్రభుత్వ అధికారులకు అప్పగించవలసి ఉంటుంది, ఆ తరువాత పత్రం పట్టు సడలుతుంది. ఇటువంటి స్థితిలో కొనుగోలుదారు ధర తగ్గించమని బేరం మొదలుపెడతాడు, ఎగుమతిదారు ఒప్పుకోక తప్పదు. అందువలన అడ్వాన్సు మొత్తం ఎంత ఉండాలన్నదానికి ఒక కొలత ఉన్నది: సరుకును తిరిగి తెచ్చుకోవడానికో మరొకరికి అమ్ముకోవడానికో అయ్యే ఖర్చు, పడిపోగల ధర, రెండూ కలిపిన మొత్తం కన్నా అది తక్కువ కారాదు. అప్పుడు సరుకు వదులుకోవడం కొనుగోలుదారుకే నష్టం. మిగిలిన నష్టభయానికి 1957లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఇ.సి.జి.సి. వద్ద బీమా చేయవచ్చు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. చైనా ఉత్తర రేవులకో ఐరోపాకో వెళ్ళే ఓడకు వారాలు పడుతుంది కనుక అసలు పత్రాలు బ్యాంకు ద్వారా తీరికగా ముందే చేరుతాయి, తొందర విడుదల అవసరం లేదు. కొలంబో, మలేసియా వంటి దగ్గర రేవులకు టెలెక్స్ విడుదల అనుకూలం. పత్తి బేళ్ళ అమ్మకాలు లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద జరిగినపుడు అసలు పత్రాలు తప్ప మరొకటి కుదరదు.

ఫార్వర్డర్ల పత్రాలు

చిన్న ఎగుమతిదారులు నేరుగా ఓడ కంపెనీతో కాక ఫార్వర్డర్ అనే మధ్యవర్తితో వ్యవహరిస్తారు. అప్పుడు రెండు పత్రాలు పుడతాయి. ఓడ కంపెనీ ఫార్వర్డర్‌కు ఇచ్చేది మాస్టర్ బిల్, ఫార్వర్డర్ ఎగుమతిదారుకు ఇచ్చేది హౌస్ బిల్. ఓడ కంపెనీ దృష్టిలో సరుకు అందుకోవలసినది గమ్యంలోని ఫార్వర్డర్ ఏజెంటు. ఎగుమతిదారు చేతిలో హౌస్ బిల్ మూడు ప్రతులూ భద్రంగా ఉన్నా, ఆ ఏజెంటు మాస్టర్ బిల్‌పై సరుకు విడిపించి కొనుగోలుదారుకు ఇచ్చివేయగలడు. అది ఒప్పంద భంగమే, కాని దావా వేయవలసినది పరదేశంలోని చిరునామా మీద. ఎఫ్.ఓ.బి. అమ్మకాలలో ఫార్వర్డర్‌ను కొనుగోలుదారే నియమిస్తాడు కనుక ప్రమాదం ఇంకా ఎక్కువ. కొత్త ఖాతా అయితే రవాణాను తానే కుదుర్చుకొని ఓడ కంపెనీ పత్రాన్నే అడగటం మేలు.

ఎలక్ట్రానిక్ పత్రాలు

కాగితం కన్నా సరుకు ముందు చేరే చిక్కుకు అసలైన విరుగుడు పత్రాన్నే ఎలక్ట్రానిక్ రూపంలో పంపడం. 1999లో ప్రారంభమైన బొలెరో ఇటువంటి తొలి వ్యవస్థలలో ఒకటి. ఇందులో చేరినవారందరూ ఒక ఒప్పందానికి కట్టుబడి, పత్రం ఒక సమయంలో ఒక్కరి అధీనంలోనే ఉండేలా చూస్తారు. చట్టాలు కాగితాన్నే గుర్తించడం వలన ఇది చాలాకాలం మందకొడిగా సాగినది. ఐక్యరాజ్య సమితి వాణిజ్య న్యాయ సంఘం 2017లో ఒక నమూనా చట్టం చేసినది. ఇంగ్లండు 2023లో ఎలక్ట్రానిక్ వాణిజ్య పత్రాల చట్టం తెచ్చినది. అదే సంవత్సరం పెద్ద కంటైనర్ ఓడ కంపెనీలు 2030 నాటికి పూర్తిగా ఎలక్ట్రానిక్ పత్రాలకు మారాలని లక్ష్యం పెట్టుకున్నాయి. ఎగుమతిదారు, అతని బ్యాంకు, ఓడ కంపెనీ, అవతలి బ్యాంకు, కొనుగోలుదారు అందరూ ఈ వ్యవస్థలలో చేరితే గాని గొలుసు పూర్తి కాదు. ఒక్కరు కాగితం అడిగినా పత్రాన్ని మళ్ళీ ముద్రించవలసిందే.